సొసైటీ కంటే ముందు ఆ అడ్వాన్సు సంగతి చూడండి

మందస కొండల్లో పన్నెండు మంది సవర గిరిజన ఆడవాళ్లు కలిసి వెదురు బుట్టలు, గుడ్డ మీద బొమ్మలు చేస్తున్నారని, అడ్వాన్సు ఇచ్చిన షావుకారే ధర తేలుస్తున్నాడని రాశారు. సొసైటీ పెట్టొచ్చా అని అడిగారు. పెట్టొచ్చండీ. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద 10 మంది చాలు. మెలిక ఏంటంటే, ఆ పదిమందీ వేర్వేరు కుటుంబాల వాళ్లై ఉండాలి. మీలో మూడు జంటలు ఒకే ఇంట్లో ఉండే అత్తాకోడళ్లు అన్నారు కదా, అంటే తొమ్మిది ఇళ్లే. పక్క గూడెం నుంచి ఇంకో ఇద్దరిని కలుపుకుని, శ్రీకాకుళంలో జిల్లా సహకార అధికారి ఆఫీసుకి వెళ్లండి.

కానీ రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన షావుకారు వదలడు. మా సంఘంలోనూ ఇదే గొడవ. నెలనెలా పొదుపు చేసిన డబ్బులోంచి ముందు ఒక్కొక్కరి అడ్వాన్సు తీర్చేశాం, తర్వాతే బేరం మా చేతికొచ్చింది. టెన్షన్ పడకుండా ఒక్కో ఇల్లే తీర్చుకుంటూ రండి.

కేంద్ర జౌళి శాఖ చేతిపనివాళ్లకి ఇచ్చే గుర్తింపు కార్డు, పెహచాన్ కార్డుకి ఎవరికి వాళ్లే దరఖాస్తు పెట్టుకోవాలి. మేళాల్లో స్టాల్ అడగాలంటే అది పనికొస్తుంది.

ఇంకొకటి, నేను బయటిదాన్నే అనుకోండి. మీరు గోడల మీద దేవుళ్ల కోసం, చనిపోయిన పెద్దల కోసం వేసే బొమ్మల్లో ఏవి అమ్మకానికి పెట్టొచ్చో మీ ఊరి పెద్దల్ని అడిగాకే గుడ్డ మీదికి దింపండి.