చైనా ఈవీ కొనొచ్చా? మెల్‌బోర్న్‌లో మూడేళ్ళు నడిపాక నా సమాధానం

మీ ప్రశ్న ఇది: మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్‌లో ఇల్లు తీసుకున్నారు, ఆఫీసుకి రానూపోనూ 70 కిలోమీటర్లు, చైనా ఈవీ (ఎలక్ట్రిక్ కారు) కొంటే నాలుగు కాలాలపాటు ఉంటుందా, లేక ఇంట్లోవాళ్ళు అంటున్నట్టు ఇంకొంచెం పెట్టి జపాన్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తోపాటు కరెంట్ మోటారు కూడా ఉండే కారు) తీసుకోవడం మంచిదా అని. నేను 2023 మార్చి నుంచి ఒక చైనా కంపెనీ ఈవీనే నడుపుతున్నాను, 61,000 కిలోమీటర్లు దాటింది. కొనొచ్చు అనే చెప్తాను. మీ టెన్షనంతా బ్యాటరీ మీద ఉన్నట్టుంది, నన్ను ఏడిపించింది మాత్రం బంపర్.

ముందు బ్యాటరీ సంగతి. ఈ కార్లలో ఎక్కువగా ఉండేది ఎల్‌ఎఫ్‌పీ, అంటే ఇనుము, ఫాస్ఫేట్‌లతో చేసే లిథియం బ్యాటరీ. నికెల్, కోబాల్ట్ అక్కర్లేదు కాబట్టి చవక, వేడికి బాగా తట్టుకుంటుంది, ఎన్నిసార్లు చార్జ్ చేసినా త్వరగా నీరసపడదు. బరువు మాత్రం ఎక్కువ, చలికి ఓర్చుకోదు. మాది కొత్తలో ఫుల్ చార్జ్‌కి ఊళ్ళో 400 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 390 దాకా వస్తోంది. అదే జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, హీటర్ వేసుకుని బల్లారట్ హైవే మీద గంటకి 110 కిలోమీటర్ల స్పీడులో వెళ్తే 310 వస్తే గొప్ప, ఆ తేడా చూసి కంగారు పడకండి. ఇంకొకటి, వారానికి ఒక్కసారైనా 100 శాతం దాకా నింపండి. ఈ రకం బ్యాటరీలో చార్జ్ సగానికి తగ్గినా వోల్టేజీ పెద్దగా మారదు, అందుకని అప్పుడప్పుడు పూర్తిగా నింపకపోతే ఇంకా ఎంత మిగిలిందో కారుకే సరిగా తెలియదు, 18 శాతం అని చూపించి ఉన్నట్టుండి 11కి దూకుతుంది. మొదటి ఏడాది ఇది తెలియక నేను రెండుసార్లు హడలిపోయాను.

మా నాన్నగారు నెల్లూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "చైనా సరుకురా అది" అనేవారు. రెండేళ్ళ క్రితం ఇండియా వెళ్ళినప్పుడు తిరుపతి నుంచి కొండ మీదికి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులో వెళ్ళాం. 2022 నుంచి ఆ ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతున్న ఆ బస్సులు హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రావి, టెక్నాలజీ చైనా కంపెనీ బీవైడీది. ఆ మాట చెప్తే ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత మా కారు చార్జ్ అవడానికి ఎంతసేపు పడుతుందో అడిగారు. బీవైడీ 1995లో షెన్‌జెన్‌లో బ్యాటరీల కంపెనీగానే మొదలైంది, కార్లలోకి వచ్చింది 2003లో. బ్యాటరీ వాళ్ళకి కొత్త కాదు. ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా కొనే టెస్లా మోడల్ వై కూడా ఆస్ట్రేలియాకి షాంఘై ఫ్యాక్టరీ నుంచే వస్తుంది, కియా ఈవీ5 కూడా చైనాలో తయారైనదే. కాబట్టి తయారైన దేశాన్ని బట్టి కాకుండా మోడల్‌ని బట్టి చూడండి.

సేఫ్టీకి కూడా ఇదే వర్తిస్తుంది. 2005లో జర్మనీలో ల్యాండ్‌విండ్ అనే చైనా ఎస్‌యూవీని గోడకి గుద్దించి చూస్తే ముందు భాగం నుజ్జయిపోయింది, ఆ చెడ్డపేరు ఇరవై ఏళ్ళుగా వెంటాడుతోంది. కానీ 2022లో బీవైడీ ఆటో 3కి, చైనాలోనే తయారయ్యే ఎంజీ4కి యూరప్ పరీక్షల్లో అయిదేసి స్టార్లు వచ్చాయి. అలాగని అన్నీ మంచివే అనుకోకండి, 2023 డిసెంబర్‌లో ఇక్కడ కార్ల సేఫ్టీని పరీక్షించే సంస్థ యాన్‌క్యాప్, ఎంజీ5 పెట్రోల్ కారుకి సున్నా ఇచ్చింది. అప్పుడే మన మహీంద్రా స్కార్పియోకి కూడా సున్నానే ఇచ్చింది. కొనబోయే మోడల్ పేరు కొట్టి యాన్‌క్యాప్‌లో చూసుకోండి, రెండు నిమిషాల పని.

ఇక బంపర్. 2024లో షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో ఒకావిడ రివర్స్ చేస్తూ మా కారు వెనక గుద్దింది. బంపర్ పగిలింది, ఒక టెయిల్ ల్యాంప్ పోయింది. తప్పు తనదేనని ఒప్పుకుంది, ఇన్సూరెన్స్ రెండు రోజుల్లో ఓకే చేసింది. పార్ట్ మాత్రం పదకొండు వారాలు రాలేదు. డీలర్‌ని అడిగితే కంపెనీని అడగమంటాడు, కంపెనీకి ఫోన్ చేస్తే డీలర్‌ని అడగమంటారు, కారు బాడీ రిపేర్ చేసే ప్యానెల్ బీటర్ ఏమో షిప్‌లో ఉందంటాడు. ఇన్సూరెన్స్ వాళ్ళిచ్చిన అద్దె కారు మూడు వారాలకే వెనక్కి తీసుకున్నారు, మిగతా రెండు నెలలు మా ఆవిడ ట్రైన్‌లో, నేను పిల్లల్ని స్కూల్లో దింపి ఆలస్యంగా ఆఫీసుకి. కార్లు షిప్పుల కొద్దీ దించారు గానీ వాటికి సరిపడా స్పేర్ పార్టులు తెచ్చి గోడౌన్‌లో పెట్టుకోలేదు, అసలు లోపం అక్కడుంది. ఇప్పుడు పరిస్థితి మెరుగైందని మా ప్యానెల్ బీటర్ అంటున్నాడు, కానీ అన్ని కంపెనీలూ ఒకేలా లేవట. అందుకని షోరూమ్‌కి వెళ్ళేముందు మీ ఏరియాలో ఒక ప్యానెల్ బీటర్‌కి ఫోన్ చేసి, ఈ మోడల్‌కి ముందు బంపర్, హెడ్‌ల్యాంప్, విండ్‌స్క్రీన్ ఎన్ని రోజుల్లో వస్తాయని అడగండి. సేల్స్ కుర్రాడు చెప్పేదానికంటే ఆయన మాటకే విలువ ఎక్కువ.

మిగతావి చిన్నవి. 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకసారి క్యారమ్ డౌన్స్ గుడి పార్కింగ్‌లో పోయింది, తలుపు కూడా తెరుచుకోలేదు. అది ఏ ఈవీలోనైనా జరిగేదే, మార్పించేస్తే సరిపోయింది. కారు గీత దాటకుండా తనంతట తనే స్టీరింగ్ తిప్పే లేన్ అసిస్ట్ మాత్రం మా ఆవిడకి పడలేదు, రోడ్డు పనులు జరిగేచోట పాత గీతల్ని పట్టుకుని స్టీరింగ్ లాగేస్తుంది, బయల్దేరిన ప్రతిసారీ ఆఫ్ చేసుకోవాలి. టెస్ట్ డ్రైవ్‌లో అలాంటి రోడ్డు మీదికే తీసుకెళ్ళి చూడండి.

డబ్బు విషయానికి వస్తే, రోజువారీ ఖర్చులో దీనికి సాటి లేదు. మా కరెంట్ ప్లాన్‌లో అర్ధరాత్రి నుంచి పొద్దున 6 దాకా యూనిట్ 8 సెంట్లు, వంద కిలోమీటర్లకి 16 యూనిట్లు వేసుకున్నా డాలరున్నర లోపే. నష్టమంతా అమ్మేటప్పుడు. కంపెనీలు పోటీపడి కొత్త కార్ల ధరలు తగ్గిస్తుంటే పాత కారు విలువ దానితోపాటే పడిపోతుంది. నేను నోవేటెడ్ లీజు (ఆఫీసు ద్వారా జీతంలోంచి కారు వాయిదాలు కట్టే పద్ధతి) మూడేళ్ళకి పెట్టుకున్నాను, చివర్లో కట్టాల్సిన మొత్తం, అంటే రెసిడ్యువల్, కారు ధరలో 46.88 శాతం. ఈ మార్చిలో లీజు అయిపోయినప్పుడు డీలర్ ఇస్తానన్న ధర దానికి 4,000 డాలర్లు తక్కువ. దాంతో రెసిడ్యువల్ కట్టేసి కారు ఉంచేసుకున్నాం. అయిదేళ్ళకి పెట్టుకుంటే అది 28.13 శాతమే ఉంటుంది, మీరు లీజుకి వెళ్తే అయిదేళ్ళే తీసుకోండి. ఈవీ లీజుకి ఎఫ్‌బీటీ (ఆఫీసు ఇచ్చే సౌకర్యాల మీద వేసే పన్ను) మినహాయింపు ఉండడం వల్ల ట్యాక్స్ బాగా మిగులుతుంది, ప్లగ్‌కి పెట్టి చార్జ్ చేసే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లకి అది 2025 ఏప్రిల్‌తో ఆగిపోయింది, మామూలు హైబ్రిడ్‌లకి అసలు లేదు.

మూడేళ్ళకోసారి కారు మార్చే అలవాటుంటే హైబ్రిడే తీసుకోండి. ఏడెనిమిదేళ్ళు వాడతామంటే, ఇంట్లో గ్యారేజీలో చార్జ్ చేసుకునే వీలుంటే ఈవీ తీసుకోండి. ఇంట్లో చార్జింగ్ లేకుండా మాత్రం వద్దు, బయట ఫాస్ట్ చార్జర్ల రేట్లకి ఆ మిగులంతా పోతుంది.

హైదరాబాద్ నుంచి ఇదే అడుగుతున్నవాళ్ళకి నా లెక్క పనికిరాదు. అక్కడ దిగుమతి సుంకాలు కలిపి బీవైడీ ఆటో 3 2022లో దాదాపు 34 లక్షలకి వచ్చింది, చవక అన్న మాటే లేదు. ఎంజీ అయితే గుజరాత్‌లోని హాలోల్‌లో తయారవుతుంది కాబట్టి ధర వేరు, పార్టుల సంగతి కూడా వేరు.

మీ గ్యారేజీలో మామూలు ప్లగ్ పాయింటే ఉందా, రోజూ తిరిగేది 70 కిలోమీటర్లేనా, కింద రాయండి. మామూలు ప్లగ్‌తోనే సరిపోతుందో, వాల్ చార్జర్ పెట్టించుకోవాలో చూసి చెప్తాను.