ఒకే హుక్కా, మూడు ధరలు

ప్రశ్న: నల్లకుంటలో మా తాతగారి ఇల్లు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం, నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. ఒక గోడ గడియారం, రెండు ఇత్తడి గంగాళాలు, వెండి పూలు పొదిగిన నల్లటి బిద్రీ హుక్కా మిగిలాయి. హుక్కాకి పాత సామాన్లాయన 300 ఇస్తానన్నాడు, చార్మినార్ దగ్గర కొట్టాయన 8,000 అన్నాడు, ఇంటీరియర్స్ చేసే అమ్మాయి 20,000కి తీసుకుంటానంది. అన్నయ్యేమో అసలు అమ్మొద్దంటాడు, తనింట్లో మాత్రం పెట్టుకోడట! వీళ్లలో ఎవరు మోసం చేస్తున్నారు?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఎవరూ చేయట్లేదేమోనండీ. ఒక్కొక్కరు ఒక్కో లెక్క వేశారు, అంతే. పాత సామాన్లాయన చూసేది బరువు. బిద్రీ అంటే ఎక్కువ భాగం జింకు, కాస్త రాగి, కాబట్టి కాటా మీద దానికి పెద్ద విలువ రాదు, పైన వెండి పొదిగిన పనితనం ఆయనకి అక్కర్లేదు. గంగాళాలకైతే ఆయన చెప్పే ధరే ఇంచుమించు సరైనది, అలాంటివి ఖాళీ చేసే ప్రతి పాత ఇంట్లోనూ దొరుకుతాయి. ఇక కొట్టాయన మీ హుక్కాని రేపే అమ్మలేడు, ఏడాది పట్టొచ్చు, అందాకా ఆ డబ్బు ఇరుక్కుపోతుంది, షాపు అద్దె ఆగదు, వచ్చినవాళ్లు ఎలాగూ సగానికి బేరమాడతారు, ఇవన్నీ తీసేసుకుని 8,000 అన్నాడు. ఇంటీరియర్స్ అమ్మాయికి అది పెట్టే కస్టమర్ ఇంటి హాలు ముందే సిద్ధంగా ఉండుంటుంది. అది నిజంగా తాతలనాటిదా, బిద్రీ పనికి పుట్టిల్లయిన బీదర్‌లో నిరుడు చేసిందా అన్న పట్టింపు కూడా ఆ ఇంటివాళ్లకి ఉండకపోవచ్చు.

అమ్మేముందు మెరవాలని హుక్కాని చింతపండు పెట్టి తోముతారేమో, దయచేసి ఆ పని చేయకండి! బీదర్ కోట మట్టితో తెప్పించిన ఆ నలుపు పోతే వెండి పని కొట్టొచ్చినట్టు కనపడదు, ధర అక్కడే పడిపోతుంది.

గడియారం డయల్ మీద కంపెనీ పేరు చూసి మురిసిపోవద్దు. లోపలి మెషీన్ మీద కూడా అదే పేరుందో లేదో చూడండి. పెట్టె ఒకదానిది, మెషీన్ ఇంకోదానిది, ముళ్లు మొన్న వేసినవి, మన దగ్గర ఇది మామూలే.

ఇంకోటి, వస్తువుకి 100 ఏళ్లు దాటాయనిపిస్తే 1972 పురావస్తువుల చట్టం ఉందని గుర్తుంచుకోండి. అలాంటివాటితో వ్యాపారం చేసేవాళ్లకి లైసెన్స్ ఉండాలి, మామూలు మనుషులు వాటిని దేశం దాటించకూడదు. అమెరికా చుట్టాల సూట్‌కేసులో పెట్టి పంపేద్దాం లాంటి ఐడియాలు మానుకోండి.

మీ అన్నయ్య సంగతికొస్తే, అందరూ కూర్చుని ఒక్కో వస్తువుకీ చీటీ మీద ఎవరికి తోచిన ధర వాళ్లు రాయండి. ఎక్కువ రాసినవాళ్లు వస్తువు తీసుకుని మిగతావాళ్ల వాటా డబ్బు చేతిలో పెట్టాలి. మా ఇంట్లో ఇలాగే చేశాం. లక్షలు చేస్తుందని పదేళ్లు కొట్టుకున్న టేకు బీరువాకి ఒక్క చీటీ కూడా పడలేదు, మూత పగిలిన ఆవకాయ జాడీకి మాత్రం నాలుగు పడ్డాయి.