ఆలెప్పీ వెళ్ళేవారు ముందుగా ఎక్కవలసినది ప్రభుత్వ బోటు

"కేరళ బ్యాక్‌వాటర్స్ చూడాలంటే హౌస్‌బోటులో ఒక రాత్రి ఉండి తీరాలా, పగలు తిరిగి వచ్చేస్తే సరిపోదా?" అన్నది ఇక్కడి ప్రశ్న. రాత్రి ఉండనక్కరలేదు. ఉన్నా తప్పు లేదు గాని, ఆలెప్పీ చుట్టూ సరస్సులు, కాలువలతో నిండిన ఆ ప్రాంతాన్ని చూశామని చెప్పుకోవాలంటే పగటిపూట ప్రభుత్వ బోటు ఎక్కి, ఏదో ఒక చిన్న రేవులో దిగి, గట్టు మీద కాసేపు నడవాలి. గోదావరి డెల్టాలో వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాడిగా ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ముందు హౌస్‌బోటు సంగతి. సాధారణంగా మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఎక్కించుకుంటారు, మరునాడు ఉదయం తొమ్మిదింటికి దించేస్తారు. మధ్యలో భోజనానికి ఒక గంట ఎక్కడో కట్టేస్తారు. జాలర్లు వలలు వేసుకునే వేళ కనుక సాయంత్రం అయిదున్నర తరువాత బోటు కదలకూడదు. ఆ నియమం న్యాయమైనదే, అయితే దానివల్ల మనం డబ్బు కట్టిన సమయంలో బోటు నడిచేది నాలుగైదు గంటలు మాత్రమే, మిగిలినదంతా నీటి మీద కట్టేసిన హోటలు గది. పైగా పెద్ద బోటు సన్నని కాలువల్లోకి పోలేదు, ఊళ్ళన్నీ ఆ సన్నని కాలువల వెంటే ఉన్నాయి. ఈ బోట్లకు మూలమైన కెట్టువళ్ళాలు ఒకప్పుడు వడ్లు, కొబ్బరి మోసిన సరుకు పడవలు. మేకు అన్నది లేకుండా ఆంజిలి చెక్కలను కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టి, జీడిగింజల నూనె పూసి తయారు చేసేవారు. లారీలు వచ్చాక వాటికి పని పోయింది, తరువాత పర్యాటకం వాటిని నిలబెట్టింది. ఆ పనితనం చూడదగినదే, కాదనను.

చూడవలసిన అసలు విషయం మాత్రం బోటులో లేదు, బోటుకు ఇరువైపులా ఉంది. వేంబనాడు సరస్సుకు దక్షిణాన పంబ, అచ్చన్‌కోవిల్, మణిమల, మీనచ్చిల్ నదులు వచ్చి కలిసే చోట ఉన్న కుట్టనాడులో వరి పొలాలు సముద్ర మట్టం కన్నా దిగువన ఉన్నాయి, చాలాచోట్ల మీటరు నుంచి రెండు మీటర్ల దాకా. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో ఈ సాగు విధానాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మన ట్రావెల్ ఏజెంట్లు ఇచ్చే కాగితాలలో కొబ్బరిచెట్లు, సూర్యాస్తమయం, కరిమీన్ వేపుడు ఉంటాయి గాని, ఈ సంగతి గురించి ఒక్క వాక్యం కూడా నాకు కనబడలేదు. మున్నార్, తేక్కడి, ఆలెప్పీలను నాలుగు రోజుల్లో చుట్టించే ప్యాకేజీలో దానికి చోటు దొరకదు.

మా నాన్నగారిని తీసుకుని వెళ్ళినప్పుడు ఆలప్పుళ (ఆలెప్పీకి మలయాళంలో పేరు) జెట్టీలో కొట్టాయం బోటు ఎక్కాము. రాష్ట్ర జలరవాణా శాఖ నడిపే ఈ బోటు రెండున్నర గంటల ప్రయాణం, చార్జీ బస్సు చార్జీకి దగ్గరగా ఉంటుంది. బడిపిల్లలు, చేపల గంపలతో ఆడవాళ్ళు, ఉద్యోగులు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. నాన్నగారు కొబ్బరిచెట్లను పట్టించుకోలేదు, కోనసీమ మనిషికి అవి కొత్త కావు. సరస్సు దాటి కాలువలోకి వచ్చాక ఆయన చూపు గట్టు అవతలికి పోయింది. "ఒరే, బోటు పైన పోతోంది, చేలు కింద ఉన్నాయి, చూశావా?" అన్నారు. తరువాత వచ్చిన రేవులో దిగిపోదామని ఆయనే లేచారు.

ఆ రేవు పక్కనే ఒక పంపు షెడ్డు ఉంది. నిలువుగా ఉన్న పెద్ద గొట్టంలోంచి నీరు పైకి లేచి, చెక్కపెట్టె లాంటి దాని గుండా పొర్లి కాలువలో పడుతోంది. దానిని అక్కడ పెట్టి-పర అంటారు. పొలానికి నీరు పెడుతున్నారని మొదట అనుకున్న నాన్నగారు దగ్గరకు వెళ్ళి చూసి నిలబడిపోయారు. నీరు పొలంలోంచి కాలువలోకి పోతోంది. షెడ్డు దగ్గర ఉన్న పెద్దాయన మేము ఆంధ్ర నుంచి వచ్చామని తెలియగానే "స్వామీ, శబరిమలకా?" అని అడిగారు. కాదు, పొలాలు చూడడానికి వచ్చామంటే ఆయన ముఖం విప్పారింది. నాకు వచ్చిన కొద్దిపాటి తమిళంతో, ఆయనకు వచ్చిన కొద్దిపాటి హిందీతో వాళ్ళిద్దరికీ మధ్య మాట కుదిర్చాను. ఒకే గట్టు చుట్టిన పొలాలన్నిటినీ కలిపి పాడశేఖరం అంటారట. అందులోని రైతులంతా కలిసే నీరు తోడించుకుంటారు, కలిసే విత్తుతారు, ఒక్కడు వేరుగా చేయడానికి వీలులేదు. వర్షాకాలంలో సరస్సులా మునిగి ఉన్న పొలాన్ని తోడి ఆరబెట్టి, నవంబరు, డిసెంబరు నెలల్లో మొలక విత్తనం వెదజల్లుతారు, మార్చి, ఏప్రిల్‌లలో కోస్తారు. నీరు పెట్టాలంటే తూము తెరిస్తే చాలు, దానంతట అదే దిగుతుంది. తీయడానికే కరెంటు కావాలి. మా వైపు లెక్కకు ఇది పూర్తిగా తలకిందులు.

గట్టు మీద నిలబడితే ఒకవైపు కాలువ నీరు పాదాలకు జానెడు కిందనే ఉంది, రెండవవైపు మనిషి లోతున పచ్చని చేను, మూకుడు అడుగున పోసినట్టు ఉంది. ఆ గట్టు మీదనే ఇళ్ళు, బడి, కొట్టు, అన్నీ. "ఇది తెగితే?" అని నాన్నగారు అడిగారు. పెద్దాయన తన రొమ్ము దాకా చెయ్యి పెట్టి చూపించి "2018" అని మాత్రం అన్నారు. ఆ ఏడాది ఆగస్టు వరదలకు కుట్టనాడు జనాన్ని పడవల మీద ఖాళీ చేయించిన సంగతి పత్రికల్లో చదివినవాడినే అయినా, ఆ చెయ్యి చూసేదాకా నాకు అది తాకలేదు. తిరుగు బోటు కోసం కూర్చున్నప్పుడు నాన్నగారు "గట్టు తెగితే మనకు పంట పోతుందిరా, వీళ్ళకు ఊరే పోతుంది" అన్నారు.

ఆ బోటు దారిలోనే ఆర్ బ్లాక్, చిత్తిర, మార్తాండం అనే కాయల్ భూములు, అంటే సరస్సులోంచి తేల్చిన పొలాలు, కనిపిస్తాయి. చిత్తిర, మార్తాండం భూములను 1940లలో, యుద్ధకాలపు బియ్యం కరువు రోజుల్లో, మురిక్కన్ అనే రైతు సరస్సులో మేటలు వేయించి, వెదురు, కొబ్బరి దుంగలు పాతించి, బురదతో గట్లు కట్టించి తేల్చాడు. కూలీలు నీటిలో మునిగి అడుగు మట్టిని చేతులతో తీసిన కష్టం అది.

నాకు కోపం తెప్పించే విషయం ఒకటి ఉంది. ఉప్పునీరు పొలాలకు రాకుండా తణ్ణీర్ముక్కం దగ్గర సరస్సుకు అడ్డంగా 1970లలో బండ్ కట్టారు. ఆ పంట కాలంలో దాని తలుపులు మూస్తారు. అలా మూసినప్పుడు దక్షిణ భాగంలో నీరు కదలదు, గుర్రపుడెక్క పెరిగి కాలువలను కప్పేస్తుంది. ఉప్పు తగిలితే చచ్చే మొక్క అది, ఉప్పే రానప్పుడు దానికి అడ్డేమిటి? తలుపులు తెరవాలని జాలర్లు, మూసి ఉంచాలని రైతులు ఏటా వాదించుకుంటారు, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఆ నిలిచిన నీటిలోకే వందలాది హౌస్‌బోట్ల మురుగు, డీజిలు తెట్టు, మనం విసిరే ప్లాస్టిక్ సీసాలు చేరుతున్నాయి. ఆ నీటిలోనే గిన్నెలు తోముకునే ఇల్లాలి ముందు నుంచి డెక్ మీద స్పీకరు మోగించుకుంటూ పోయే బృందాలను చూస్తే బాధ కలుగుతుంది. వాటిలో తెలుగు పాటలూ వినిపించాయి.

మా కోనసీమను కేరళతో పోల్చి మురిసిపోయేవారు చాలామంది ఉన్నారు. కొబ్బరిచెట్లు, కాలువలు రెండుచోట్లా ఉన్నమాట నిజమే. అయితే మాకు డెల్టా కాలువల్లో ఒకప్పుడు నడిచిన పడవలు, లాంచీలు మాయమయ్యాయి, మురుగు కాలువలు పూడిపోయి శివారు భూములు ముంపుకు గురవుతున్నాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించడానికి గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు కూడా ఒక కారణం. కేరళలో ప్రభుత్వ బోట్లు ఇంకా నడుస్తున్నాయి, 2017 నుంచి వైక్కం, తవణక్కడవు మధ్య సౌరశక్తి బోటు కూడా తిరుగుతోంది. కొబ్బరిచెట్ల కన్నా ఈ పట్టుదలనే మనవాళ్ళు చూసి రావాలని నా కోరిక.

ఇక వెళ్ళే మార్గం. రాజమండ్రి, విజయవాడల వారికి ధన్‌బాద్–ఆలప్పుళ రైలు నేరుగా ఉంది, హైదరాబాదు వారు శబరి ఎక్స్‌ప్రెస్‌లో కొట్టాయంలో దిగి, అక్కడినుంచే బోటు ఎక్కవచ్చు. మాలధారణ చేసి శబరిమల వెళ్ళేవారు స్నానం చేసే పంబ నీరే కిందికి వచ్చి ఈ కుట్టనాడులో పరచుకుంటుంది కనుక, తిరుగు ప్రయాణంలో ఒక పూట ఇటు కేటాయించడం కష్టం కాదు. కొట్టాయం దాకా సమయం లేకపోతే నెడుముడి, కావాలం, పుళింకున్ను బోట్లు ఉన్నాయి. పైరు చూడాలంటే జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. గుర్రపుడెక్క ఎక్కువైనప్పుడు కొన్ని సర్వీసులు దారి మార్చుకుంటాయి కనుక ముందురోజే జెట్టీలో వేళలు కనుక్కోండి. మెట్లు ఎక్కి దిగలేని పెద్దవారు వెంట ఉంటే హౌస్‌బోటే తీసుకోండి, ఎక్కేముందు మురుగు ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారో యజమానిని అడగండి, సరైన సమాధానం రాకపోతే వేరే బోటు చూసుకోండి.