తరగతిగదిలో పర్యావరణ పాఠాలకు గ్రాంటు: ఎక్కడ వెతకాలి, ఏమని అడగాలి?

ఏడో తరగతికి సైన్స్ చెబుతున్నానని, బడి దగ్గరి చెరువు నీటిని పిల్లలతో ఏడాది పొడవునా పరీక్షింపజేయాలని ఉందని, పరికరాలకు బడిలో డబ్బు లేదని రాశారు. పర్యావరణ విద్యకు గ్రాంటు ఎవరిస్తారని అడిగారు. నేనూ సైన్స్ టీచర్నే. ఇలాంటి గ్రాంట్లతో పిల్లలచేత కొన్ని పనులు చేయించాను. తర్వాత కొంతకాలం ఒక చిన్న ఫౌండేషన్ ఎంపిక సంఘంలో ఉండి ఇతరుల దరఖాస్తులు చదివాను. అడిగే పని, ఎంపిక చేసే పని రెండూ చూశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: దాతను వెతకడానికి ముందు, పిల్లలు ఏ ప్రశ్నకు జవాబు కనుక్కోబోతున్నారో తేల్చుకోండి. ప్రశ్న తేలితే ఎవరిని అడగాలో కూడా చాలావరకు తేలిపోతుంది.

పర్యావరణ విద్య అనే పేరుతోనే ఉండే నిధులు తక్కువ, పోటీ ఎక్కువ. మీ చెరువు సంగతే చూడండి. నీటి నాణ్యతకు సంబంధించిన పని కాబట్టి ప్రజారోగ్యం, తాగునీరు చూసే సంస్థలను అడగవచ్చు. పిల్లలు కొలతలు తీసి గ్రాఫులు గీస్తారు కాబట్టి సైన్స్, గణిత బోధనకు ఇచ్చే గ్రాంట్లకూ అది సరిపోతుంది. చెరువు అందరిదీ కాబట్టి స్థానిక సంస్థలకూ, చుట్టుపక్కల కంపెనీలకూ, బడి పూర్వ విద్యార్థులకూ అందులో ఆసక్తి ఉంటుంది. మొదటిసారి దగ్గరివాళ్లనే, చిన్న మొత్తమే అడగమని నా సలహా. ఒక చిన్న గ్రాంటును లెక్కాపత్రాలతో సహా చక్కగా ముగించిన బడికి పెద్ద దాతల దగ్గర మాట చెల్లుతుంది.

పెద్దవాటిలో మీకు పనికొచ్చేది, పర్యావరణ పనులకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ వారి చిన్న గ్రాంట్ల కార్యక్రమం. 1992లో మొదలైంది, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దాన్ని నడుపుతోంది. అయితే ఆ డబ్బు స్వచ్ఛంద సంస్థలకు, స్థానిక ప్రజా సంఘాలకు వెళుతుంది. కాబట్టి చెరువు మీద ఇప్పటికే పనిచేస్తున్న సంఘం ఏదైనా ఉంటే, వాళ్ల ప్రతిపాదనలో మీ బడిని ఒక భాగంగా చేర్చమని అడగండి. బడుల్లో పర్యావరణ పనులు చేయించే ఎకో స్కూల్స్ (1994లో మొదలైంది), పిల్లలచేత పర్యావరణ కొలతలు తీయించే గ్లోబ్ (1995 నుంచి నడుస్తోంది) లాంటి అంతర్జాతీయ కార్యక్రమాలు ప్రధానంగా డబ్బిచ్చే పథకాలు కావు. కానీ గ్లోబ్‌లో నీటి ఉష్ణోగ్రత, తేటదనం, కరిగిన ఆక్సిజన్ ఎలా కొలవాలో పద్ధతులు రాసిపెట్టి ఉన్నాయి. వాటి ప్రకారం కొలుస్తామని రాస్తే మీ దరఖాస్తుకు బలం వస్తుంది.

ఇక రాయడం. అసలు కష్టమంతా ఇక్కడే. 1977లో జార్జియాలోని ట్బిలీసీ నగరంలో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి జరిపిన సమావేశం పర్యావరణ విద్యకు ఐదు రకాల లక్ష్యాలు నిర్దేశించింది: అవగాహన, విజ్ఞానం, దృక్పథం, నైపుణ్యాలు, భాగస్వామ్యం. నేను చదివిన దరఖాస్తుల్లో చాలామటుకు మొదటిదాని దగ్గరే ఆగిపోయేవి. ‘విద్యార్థుల్లో పర్యావరణం పట్ల అవగాహన పెంపొందించడం’ అనే వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. దాన్ని చదివితే పిల్లలు సోమవారం పొద్దున ఏం చేస్తారో తెలియదు.

ఒక దరఖాస్తు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. అందులో ఒక టీచరు ఇలా రాశారు: కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున తక్కువగా, మొక్కలు ఎండలో కిరణజన్య సంయోగక్రియ జరిపాక మధ్యాహ్నానికి ఎక్కువగా ఉంటుంది, అందుకని మా పిల్లలు ప్రతిసారీ ఒకే వేళకు నీరు తీస్తారు, సెలవుల్లో ఎవరు తీస్తారో జాబితా జతచేశాం. ఆ రెండు వాక్యాలతో సంఘంలో అందరికీ నమ్మకం కుదిరింది. పని తెలిసిన మనిషి రాశారని, పిల్లల చేతికి నిజమైన పని అందుతుందని అర్థమైంది. మీరూ అలాగే రాయండి. ఎవరు, ఎప్పుడు, దేన్ని, దేనితో కొలుస్తారు. ఆ లెక్కలు చివరికి ఎవరి ముందు పెడతారు. ఈ చివరిది మరిచిపోకండి. పిల్లలు తమ గ్రాఫులు పట్టుకుని స్థానిక అధికారుల ముందు మాట్లాడతారంటే, ఐదో లక్ష్యమైన భాగస్వామ్యానికి అంతకన్నా మంచి రుజువు ఉండదు.

ఖర్చుల పట్టికలో ఖరీదైన డిజిటల్ మీటరు మొదటి వరుసలో కనిపిస్తే నాకు అనుమానం వచ్చేది. 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త సముద్రపు నీటి తేటదనాన్ని ఒక తెల్లని బిళ్లను నీటిలోకి దించి కొలిచారు. అది కంటికి కనిపించకుండా పోయే లోతే కొలత. నలుపు తెలుపు రంగులేసిన అలాంటి బిళ్లను పిల్లలే తయారుచేసుకోవచ్చు, తాడు మీద గుర్తులూ వాళ్లే పెట్టుకోవచ్చు. పరీక్షలకు వాడే రసాయనాలకు గడువు తేదీ ఉంటుంది కాబట్టి రెండేళ్లకు సరిపడా ఒకేసారి కొనకండి, విడతలుగా చూపండి. చేతి తొడుగులు, లైఫ్ జాకెట్లు, గట్టు మీద పిల్లలకు తోడుండే పెద్దల రాకపోకల ఖర్చు తప్పకుండా వేయండి. పిల్లల్ని నీటి దగ్గరికి తీసుకెళ్లే ప్రతిపాదనలో భద్రతకు పైసా లేకపోతే నేను ఒప్పుకునేవాణ్ణి కాను.

డబ్బు రాకముందే ఒక నెల కొలతలు మొదలుపెట్టండి, థర్మామీటరు, సెక్కీ బిళ్ల చాలు. ఆ అంకెలు దరఖాస్తులో పెడితే ఏడాది తర్వాత దేనితో పోల్చి చూస్తారన్న ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది.

డబ్బు ఏ ఖాతాలో పడాలి, బడికి నేరుగా తీసుకునే అధికారం ఉందా లేక తల్లిదండ్రుల సంఘం ద్వారా రావాలా అన్నది ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోండి. పిల్లల ఫొటోలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కూడా.

దరఖాస్తు తిరస్కరిస్తే, కారణం చెప్పమని మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. మా సంఘంలో అలా అడిగినవాళ్లకు వివరంగానే జవాబిచ్చేవాళ్లం. మరుసటి విడతలో వాళ్ల దరఖాస్తు మెరుగుపడి రావడం చూశాను.

మీ ముసాయిదా ఇక్కడ పెడితే శ్రద్ధగా చదివి చెబుతాను. ఖర్చుల పట్టికతో సహా పెట్టండి.