వేలం డబ్బుతో కంబోడియా సేవా యాత్రా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు మండలం. పొగాకు వేస్తాం. మా అమ్మాయికి పదహారేళ్లు, ఒంగోలులో ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తి చేసింది. కంబోడియాలో పదిహేను రోజులు ఉండి అనాథాశ్రమం పిల్లలకు ఇంగ్లీషు నేర్పే సేవా యాత్ర ఉందనీ, అది విదేశీ చదువుకు పనికొస్తుందనీ ఒక ఏజెన్సీ వాళ్లు చెప్పారు. ఖర్చు 2.40 లక్షలు, పన్ను అదనం. పదివేలు అడ్వాన్సు ఇచ్చాం. ఈసారి వేలంలో బ్యాంకు బాకీ పోగా 4.80 లక్షలు మిగిలాయి. అందులోంచి కట్టమంటారా, బంగారం తాకట్టు పెట్టమంటారా?

జవాబు: రెండూ వద్దండీ.

బేళ్లన్నీ (పొగాకు కట్టలు) అమ్ముడై డబ్బు ఖాతాలో పడ్డ నెలలో పొగాకు రైతు దగ్గర ఉన్నంత సొమ్ము మళ్లీ ఏడాది దాకా ఉండదు. ఇలాంటి ఏజెన్సీల ఫోన్లు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి! మీరు పంపిన లెక్కే చూద్దాం. నారుమడి నుంచి ఆకు కాల్చే బ్యారన్ కట్టెల దాకా వచ్చే పంటకు నాలుగు లక్షలు కావాలన్నారు. పంట రుణం రెండు లక్షలు పోగా మిగతా రెండు మీ చేతి డబ్బే. ఇంటి ఖర్చు నెలకు 15,000 చొప్పున పది నెలలకు లక్షన్నర. కాలేజీ ఫీజు 90,000. ఇవన్నీ తీసేస్తే మీకు మిగిలేది 40,000. ఖాతాలో కనిపిస్తున్న 4.80 లక్షల్లో మీరు స్వేచ్ఛగా ఖర్చు పెట్టగలిగింది అంతే.

బంగారం మీద రూపాయి వడ్డీకే దొరికినా, 2.40 లక్షలకు నెలకు 2,400. వచ్చే వేలం దాకా పది నెలలకు 24,000. ఆ వేలంలో ధర పడిపోతే బంగారం బ్యాంకులోనే ఉంటుంది. ధర ఎప్పుడు ఎటు తిరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక యాత్ర సంగతి. రోజుకు 16,000 పడుతోంది. టికెట్టూ వీసాకు ఎంత, బసా భోజనం బీమాకు ఎంత, ఆశ్రమానికి చేరేది ఎంత అని ఏజెన్సీని విడివిడిగా రాసిమ్మని అడగండి. మూడో అంకె దగ్గర మాట తడబడుతుందని నా అనుమానం. కంబోడియా ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఏళ్ల కిందటే చెప్పింది. విదేశీయులు, వాళ్ల వెంట విరాళాలు వస్తున్నాయంటే ఆశ్రమాల్లో పిల్లల్ని చేర్చడమే ఒక వ్యాపారమవుతుంది. పైగా అక్కడి ఖ్మేర్ భాష రాని పదహారేళ్ల పిల్ల రెండు వారాల్లో అక్కడ ఏం నేర్పి వస్తుంది? మన ఊరి బడికి పదిహేను రోజులకో కొత్త టీచరు వస్తే మనమే ఊరుకోం.

విదేశీ చదువుకు పనికొస్తుందన్న మాటకూ పెద్దగా బలం లేదు. దరఖాస్తు చూసేవాళ్లు అడిగేది పిల్ల ఒకే పనిని ఎంతకాలం పట్టుకుని ఉందని. ఇక్కడే చదివితే ఈఏపీసెట్, జేఈఈ ర్యాంకుల్లో సేవకు ఒక్క మార్కూ కలవదు. అమ్మాయికి నిజంగా ఆసక్తి ఉంటే ఫ్లోరైడ్ నీళ్లతో తరాలుగా అవస్థ పడుతున్న కనిగిరి వైపు పంపండి. అక్కడి ఆరోగ్య కేంద్రం వాళ్లతో మాట్లాడి, ఒక ఊళ్లో ఏ ఇంటివాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారో సెలవుల్లో రాసుకు రమ్మనండి. ఏడాది పాటు చేస్తే చెప్పుకోదగ్గ పనే. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సులో ఆడపిల్లలకు టికెట్టు ఖర్చు కూడా లేదు, ఆధార్ చూపిస్తే చాలు.

పాస్‌పోర్టు మాత్రం తీయించండి. పదిహేనేళ్లు దాటింది కాబట్టి 1,500 కడితే పదేళ్లది ఇస్తారు. ఎప్పటికైనా పనికొస్తుంది.

'పన్ను అదనం' అన్నదాంట్లో విదేశీ టూరు ప్యాకేజీల మీద ఆదాయపు పన్ను కింద ముందే వసూలు చేసే టీసీఎస్ ఉంటుంది. అది మీ పాన్ మీద జమ అవుతుంది, ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. సేద్యం ఆదాయానికి పన్ను లేదు కాబట్టి మీరు రిటర్ను వేస్తూ ఉండకపోవచ్చు. వేయకపోతే ఆ డబ్బు అక్కడే ఆగిపోతుంది. మున్ముందు ఎప్పుడు విదేశీ ప్యాకేజీ తీసుకున్నా బిల్లు మీ పాన్‌తోనే రాయించుకోండి.

అడ్వాన్సు పదివేలు తిరిగి ఇమ్మని ఈ వారమే ఉత్తరం రాసి, రసీదు నకలు జతచేసి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. ఇవ్వం అని వాళ్లంటే అక్కడితో వదిలేయండి. పదివేలు పోతాయన్న బాధతో మిగతా 2.30 లక్షలు కట్టవద్దు.