నీల్ దీవికి వెళ్తున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. సంక్రాంతి సెలవుల్లో పిల్లల్నీ మీ అత్తగారినీ తీసుకుని అండమాన్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. నువ్వు రాసుకున్న ప్లాన్ కూడా పంపింది. నీల్ దీవికి ఒక్క పగలే పెట్టుకున్నావు. పొద్దున పడవ దిగి, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రాతి వంతెన అన్నీ గంటల లెక్కన చుట్టేసి సాయంత్రం పడవకి తిరిగొచ్చేయాలని ఉంది. అలా వద్దు తల్లీ. మీ పెదనాన్న ఉద్యోగం పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నన్నాళ్ళూ వచ్చిన చుట్టాలందరినీ నీల్‌కి తీసుకెళ్ళింది నేనే కదా. అక్కడ రోజుని నడిపేది మన గడియారం కాదు, ఆటుపోట్లు.

అందుకే ముందు పోటు ఎప్పుడో, నీళ్ళు తీసేది ఎప్పుడో కనుక్కో. రోజుకి రెండుసార్లు నీళ్ళు పైకొస్తాయి, రెండుసార్లు వెనక్కి పోతాయి. ఆ వేళ రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ ఎనిమిదింటికి నీళ్ళు తీస్తే రేపు తొమ్మిదికి కాస్త ముందన్నమాట. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ ఆ తర్వాత రెండు మూడు రోజులూ నీళ్ళు బాగా లోపలికి పోతాయి, అంతే బలంగా తిరిగొస్తాయి. అష్టమి దగ్గర్లో అయితే తేడా తక్కువ. కాబట్టి పడవ టికెట్ తీసేముందు పంచాంగం ఓసారి తిరగెయ్యి. గంటల సంగతి బస చేసేచోట అడిగినా చెబుతారు, ఆటో డ్రైవర్లకీ తెలుసు.

లక్ష్మణ్‌పూర్ వైపున్న రాతి వంతెన దగ్గరికి నీళ్ళు తీసినప్పుడే వెళ్ళాలి. హౌరా బ్రిడ్జి అని కూడా అంటారు దాన్ని. పోటు మీద వెళ్తే దారే ఉండదు. నీళ్ళు పోయాక రాళ్ళ మధ్య చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. వాటిలో పీతలు, సముద్రపు దోసకాయలనే మెత్తటి జీవులు, రంగురంగుల చిన్న చేపలు కనిపిస్తాయి. పిల్లలు అక్కణ్ణుంచి కదలరు, కదిలించకు కూడా. ఒక్కో గుంట దగ్గర కూర్చుని చూడనీ. చేత్తో ముట్టుకోవద్దని మాత్రం ముందే చెప్పు. దారంతా నాచు పట్టిన రాళ్ళు, పదునైన పగడపు ముక్కలు. చెప్పులు పనికిరావు, వెనక పట్టీ ఉండి జారని శాండల్స్ వేయించు. మీ అత్తగారిని ఆ రాళ్ళమీద నడిపించొద్దు, పైన చెట్ల నీడలో కూర్చోబెట్టండి. నీళ్ళు మళ్ళీ ఎక్కడం మొదలవగానే వెనక్కి వచ్చెయ్యండి. ఇంకో ఫొటో అని ఆగొద్దు.

భరత్‌పూర్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. జెట్టీ పక్కనే ఉంటుంది, లోతు తక్కువ, పిల్లలకి మంచి తీరం. కానీ నీళ్ళు తీసినప్పుడు పగడాలు పైకి తేలిపోయి ఈదడానికి చోటుండదు, అడుగు పెడితే వాటిమీదే. పోటు ఉన్న వేళ చూసుకుని స్నానానికి దిగండి. అద్దాల అడుగున్న పడవలో అత్తగారిని ఎక్కించు, తడవకుండానే పగడాలు చూస్తారు. సీతాపూర్‌లో అలల జోరు ఎక్కువ, అక్కడ చూడ్డానికే తప్ప ఈతకి వద్దు. మూడూ ఒకే పూటలో చూడాలన్న పట్టుదల మానుకో. ఒకటి వదిలేసినా నష్టం లేదు.

ఎండ గురించి. అండమాన్ మనకి బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. జనవరిలో ఐదుంబావుకల్లా సూర్యుడు దిగిపోతాడు, ఆరుకి చీకటి. నడినెత్తిన ఎండ కూడా పదకొండున్నరకే వచ్చేస్తుంది. కాబట్టి పొద్దున్నే లేచి తిరగండి, పదిన్నర నుంచి రెండు దాకా నీడలో ఉండండి. క్రీముల మీద ఆధారపడకుండా పొడుగు చేతుల చొక్కాలు వేయించు. సాయంత్రం ఇసుకలో కంటికి ఆనని చిన్న ఈగలు కుడతాయి, శాండ్‌ఫ్లైస్ అంటారు. కాళ్ళకి కొబ్బరినూనె దట్టంగా రాస్తే చాలావరకు నయం. కుట్టాక గోకితే మాత్రం పుండు పడుతుంది.

లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయం చూడాలంటే ఆ రాత్రి దీవిలోనే ఉండాలి. పగటి పడవకి తిరిగొచ్చేవాళ్ళకి అది దక్కదు. ఒక్క రాత్రి ఉండిపో అమ్మా, నా మాట విను. జనం గుమిగూడే చోటునుంచి కాస్త దూరం నడిస్తే మీరూ సముద్రమూ తప్ప ఎవరూ ఉండరు. ఫోన్లో పాటలు పెట్టకండి. ఆ ప్రశాంతత కోసమే కదా అంత దూరం వెళ్తున్నది.

గవ్వలు, పగడపు ముక్కలు ఏవీ బ్యాగులో వేసుకోవద్దు, ఒడ్డున పడి ఉన్నవైనా సరే. పగడాలకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు. ఆ ఖాళీ గవ్వల్లోనే సన్యాసి పీతలు కాపురం పెడతాయని పిల్లలకి చెప్పు, వాళ్ళే వదిలేస్తారు.

భయపెట్టాలని కాదు గానీ రెండు మాటలు. అండమాన్ నీళ్ళలో మొసళ్ళు ఉన్నాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోటా, మడ అడవి పక్కనా నీళ్ళలోకి దిగొద్దు. నేల కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వేళకాని వేళ వెనక్కి పోయినా, సామాను వదిలేసి ఎత్తైన చోటికి పరుగెత్తండి. 2004 డిసెంబర్ 26 సునామీ చూసిన ఊళ్ళు అవి. ఆటుపోట్ల వేళ తెలిసుంటే ఏది మామూలో ఏది కాదో మీకే తెలుస్తుంది.

తిండికి ఇబ్బంది లేదు. అక్కడివాళ్ళు ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు. పోర్ట్ బ్లెయిర్‌కి కూరగాయలు నీల్ నుంచే వెళ్తాయి, కాబట్టి అత్తగారికి అన్నం, పప్పు, తాజా కూర హాయిగా దొరుకుతాయి. చేప తినేవాళ్ళకి చెప్పనే అక్కర్లేదు. డబ్బు చేతిలో ఉంచుకో, ఏటీఎంని నమ్ముకోకు. నీళ్ళకి స్టీల్ సీసాలు పట్టుకెళ్ళండి, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌కి అక్కడ నిషేధం ఉంది.

టికెట్ మీద పేర్లు చూసి కంగారు పడకు. నీల్‌ని 2018 నుంచి షహీద్ ద్వీప్ అంటున్నారు, పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు. సముద్రం బాగోలేకపోతే పడవలు ఆపేస్తారు, అందుకని నీల్ నుంచి వచ్చిన రోజే విమానం పెట్టుకోవద్దు, మధ్యలో ఒక రోజు ఉంచు. వెళ్ళే తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, ఆ రోజు తిథి చూసి ఏ తీరానికి ముందు వెళ్ళాలో ఇద్దరం కలిసి అనుకుందాం.

అల్లుడుగారికీ పిల్లలకీ నా ఆశీస్సులు, మీ అత్తగారికి నమస్కారాలు.

మీ పెద్దమ్మ