ఫోన్ లాక్కుంటే అమ్మాయి మారుతుందా?

16 ఏళ్ల మీ అమ్మాయి అర్ధరాత్రి దాకా ఫోన్ చూస్తోందని, పలకరిస్తే కసురుకుంటోందని, లాక్కుంటే భోజనం మానేస్తోందని రాశారు. ఆ వయసులో నేనూ అచ్చం అంతే. అందుకని ఆ పిల్ల వైపు నుంచి చెబుతాను.

రాత్రి 2 దాకా వీడియోలు చూసేదాన్ని. నచ్చి చూశానా అంటే అదీ కాదు, కాసేపటికే విసుగొచ్చేది. అయినా వేలు ఆగేది కాదు. పుస్తకమైతే ఎక్కడో ఒకచోట అధ్యాయం అయిపోతుంది, ఫోన్‌లో ఒకదాని వెనక ఒకటి వచ్చే వీడియోల వరసకి (ఫీడ్‌కి) చివరే ఉండదు. పది చెత్తవి చూశాక ఒకటి నవ్విస్తుంది, అలాంటిదే ఇంకోటి వస్తుందేమోనని మరో పది. నా క్లాసు పిల్లలంతా ఎక్కడికో వెళ్లి ఫొటోలు పెట్టేవాళ్లు, నన్ను పిలిచేవాళ్లు కాదు. ఏడుపొచ్చేది. ఆ ఫొటోల కింద ఎవరేం రాశారో చూడ్డానికి మళ్లీ ఫోనే.

నాన్న రెండుసార్లు లాక్కున్నారు. స్నేహితురాలి పాత ఫోన్ తెచ్చుకుని దుప్పటి కింద చూశాను. అబద్ధాలాడటం వచ్చింది, అంతే.

చివరికి ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాం. ఫోన్ ఎన్ని గంటలు చూస్తావని ఆవిడ అడగలేదు, ఎన్నింటికి పడుకుంటావని అడిగారు. ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలట, నాకు 5 కూడా ఉండేది కాదు. రాత్రి 10కి ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టాలన్నారు. అన్నీ అంటే నాన్నదీనూ (ఎక్కువ గొడవ చేసింది ఆయనే). అలారం సాకు లేకుండా చిన్న గడియారం కొన్నాం. మొదటి వారమంతా టెన్షన్, ఏదో మిస్సవుతున్నానని. నెల తిరిగేసరికి పొద్దున్నే అమ్మ మీద అరవడం తగ్గింది. ఫోన్ అలవాటు పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను.

రోజుకు 3 గంటలకు మించి సోషల్ మీడియా వాడే పిల్లలకు డిప్రెషన్, ఆందోళన లక్షణాల ముప్పు రెట్టింపని 2023లో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై ఆ దేశ ప్రభుత్వ ముఖ్య వైద్యుడు) వివేక్ మూర్తి హెచ్చరించారు. ఫోన్ వల్ల దిగులా, దిగులు వల్ల ఫోనా అంటే, నా విషయంలో రెండూ. కాబట్టి ఫోన్ సంగతి కాస్త పక్కనపెట్టి, బడిలో ఎవరితో కూర్చుంటోందో, ఎవరితో మాటలు మానేసిందో మెల్లగా కనుక్కోండి. మా ఇంట్లో అది అడగడానికి ఏడాది పట్టింది.

నిద్ర సరిపడా ఉన్నా వారాల తరబడి ముభావంగానే ఉంటే డాక్టరుకు చూపించండి. బతకాలని లేదన్న మాట ఒక్కసారి వచ్చినా సరే, ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.